పళ్లు చూసి పడవ కొన్నాం

మా తాత గేదె వయసు దాని యజమానిని అడిగేవాడు కాదు. సంతలో పశువు ముందు నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో దాని కింది పెదవి లాగి ఒక్క క్షణం చూసేవాడు. "ఆరు పళ్లు" అనేవాడు. అమ్మేవాడు అప్పటిదాకా చెప్పిన కథంతా ఆ రెండు మాటలతో గాల్లో కలిసిపోయేది. ఆ తర్వాతే బేరం మొదలు.

మాది ఒంగోలు దగ్గర ఊరు. నీళ్లంటే కొత్తపట్నం బీచి, అదీ ఏడాదికోసారి. మా ఇంటావంటా పడవ అనే మాట లేదు. అలాంటి వంశంలో పుట్టిన నేను ఒక శనివారం ఉదయం టెక్సస్‌లో, తాత గేదె పెదవి లాగినట్టే, ఓ పాత తెరచాప పడవ వెనక్కి వెళ్లి వంగి, దాని మూల మీద పేరుకున్న మట్టిని బొటనవేలితో తుడుస్తున్నాను. నా వెనక ముగ్గురు. పడవ యజమాని అయిన పెద్దాయన, ఆయన కుక్క, మా బావ. బావ అంటే నిజం బావ కాదు, ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు రూమ్మేటు. వాడి దగ్గర లాగే దమ్మున్న ఎస్‌యూవీ ఉంది, నా దగ్గర లేదు. వాడు రావడానికి కారణం అదొక్కటే.

"ఏం చూస్తున్నావురా అక్కడ?"

"పళ్లు."

ఈ పడవ పిచ్చి ఎలా పట్టిందో క్లుప్తంగా చెప్తాను. ఆఫీసులో ఒకాయన రెండేళ్ల క్రితం లూయిస్‌విల్ చెరువు మీద తన పడవలోకి తీసుకెళ్లాడు. చెరువు అంటున్నాను గానీ డాలస్ చుట్టుపక్కల ఇలాంటివన్నీ ఆనకట్ట కట్టి నిలిపిన రిజర్వాయర్లే. ఇంజిన్ ఆపేసి తెరచాప ఎత్తగానే ఆ పడవ ఒక పక్కకి ఒరిగి, చప్పుడు లేకుండా కదిలింది. అంతే, అయిపోయింది నా పని. అప్పట్నుంచి వాళ్ల పడవా వీళ్ల పడవా పట్టుకుని తాళ్లు లాగడం, ముడులు వేయడం నేర్చుకున్నాను. ఎవరు పిలుస్తారా అని శుక్రవారం సాయంత్రాలు ఫోన్ వైపు చూసే బతుకు విసుగొచ్చి సొంతది వెతకడం మొదలుపెట్టాను.

నాలాంటి అపార్ట్‌మెంట్ ప్రాణులకి సరిపడేది ట్రెయిలర్ పడవ. అంటే చక్రాల బండి మీద పెట్టి కారు వెనక లాక్కెళ్లగలిగే తెరచాప పడవ. ఒడ్డున అద్దె కట్టి కట్టేసుకోనక్కర్లేదు. ఊరి బయట స్టోరేజీలో పెట్టుకుని, గాలి బాగున్న రోజు లాక్కెళ్లి నీళ్లలోకి దింపుకోవచ్చు. వీటిలో అమెరికాలో ఎక్కడ చూసినా కనిపించే పేరు క్యాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ అనే ఆయన కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన క్యాటలినా యాట్స్ కంపెనీ తొలి పడవ ఇదే. 1969లో మొదలైంది, 15 వేలకు పైగా తయారయ్యాయి. మన దగ్గర మారుతీ 800 లాంటిది అనుకోండి. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగుల లోపే, కాబట్టి రోడ్డు మీద లాగడానికి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. స్పేర్ పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. నాలాంటి కొత్తవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పెద్దాయన ప్రకటనలో రాసింది: క్యాటలినా 22, 1986 మోడల్, ట్రెయిలర్‌తో, మోటారుతో, 4,200 డాలర్లు.

ఆ 1986 అనే అంకె చూసే మేం 75 నంబరు హైవే ఎక్కాం. ఎందుకంటే ఆ ఏడాదే కంపెనీ ఈ పడవని బాగా మార్చి 'న్యూ డిజైన్' పేరుతో వదిలింది. అంతకు ముందువాటి కంటే వీటికి కాస్త ఎక్కువ రేటు పలుకుతుంది. మెకినీ దాటి, మెలిస్సా దగ్గర బక్కీస్‌లో ఆగి, బావకి బ్రిస్కెట్ శాండ్‌విచ్ అనే లంచం ఇచ్చి, షెర్మన్ మీదుగా డెనిసన్ చేరాం. డాలస్‌కి ఉత్తరాన 75 మైళ్లు. 1872లో రైల్వే కోసం పుట్టిన ఊరు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1890లో ఇక్కడే పుట్టాడు. ఆయన పేరు మీద స్టేట్ పార్కు కూడా ఉంది, చెరువు ఒడ్డునే.

చెరువు పేరు టెక్సోమా. టెక్సస్ సగం, ఓక్లహోమా సగం. రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది, దాని వెనక నిలిచిన నీళ్లే ఇవి. 89 వేల ఎకరాలు అంటే కాగితం మీద అంకె. ఒడ్డున నిలబడితే అవతలి రాష్ట్రం సన్నటి గీతలా కనిపిస్తుంది. పైగా దీనికో వింత గుణం ఉంది. రెడ్ రివర్ పైభాగంలో సహజంగానే ఉప్పు ఊటలు కలుస్తాయి కాబట్టి ఈ నీళ్లలో కాస్త ఉప్పదనం ఉంటుంది. అందుకే సముద్రపు జాతి అయిన స్ట్రైప్డ్ బాస్ చేప ఇక్కడ గుడ్లు పెట్టి బతికేస్తోంది. చేపలకిది పండగే. ఇనుముకి మాత్రం కాదు. "మంచినీళ్లలోనే తిరిగిన పడవ" అని ప్రకటనలో కనిపిస్తే ఏ నీళ్లో అడగాలని నాకు ఇక్కడే తెలిసింది.

ఇక పళ్ల సంగతి.

1972 నవంబర్ 1 తర్వాత అమెరికాలో తయారైన ప్రతి పడవకీ ఒక గుర్తింపు నంబరు ఉండాలి. హల్ ఐడెంటిఫికేషన్ నంబర్, పొట్టిగా హిన్ అంటారు. పడవ వెనక గోడకి కుడివైపు, పై అంచు దగ్గర చెక్కి ఉంటుంది. పన్నెండు అక్షరాలు. మొదటి మూడు కంపెనీ గుర్తు. క్యాటలినాకి సీ, టీ, వై. తర్వాత ఐదు సీరియల్ నంబరు. చివరి నాలుగే మనకి కావలసిన పళ్లు.

ఇక్కడ చిన్న తిరకాసుంది. ఈ నాలుగు అక్షరాల అర్థం కాలాన్ని బట్టి మారింది. 1984 దాకా రెండు పద్ధతులు. ఒకటి సూటిగా నెల రెండంకెలు, ఏడాది రెండంకెలు. రెండోదానిలో ముందు ఎం అనే అక్షరం, తర్వాత మోడల్ ఏడాది రెండంకెలు, చివర నెలకి గుర్తుగా ఒక అక్షరం. ఆ అక్షరంలో ఏ అంటే జనవరి అనుకుంటే బోల్తా పడ్డట్టే. ఏ అంటే ఆగస్టు, బీ సెప్టెంబర్, అలా ఎల్ దాకా వెళ్తే జులై. మోడల్ సంవత్సరం ఆగస్టులో మొదలవుతుందన్న లెక్క. 1984 ఆగస్టు నుంచి పద్ధతి మళ్లీ మార్చారు. ఇప్పుడు ఏ అంటే బుద్ధిగా జనవరే, తర్వాత తయారైన ఏడాదిలో చివరి అంకె, ఆ తర్వాత మోడల్ ఏడాది రెండంకెలు. డేట్ ఫార్మాట్ల గొడవలో అర్ధరాత్రుళ్లు గడిపిన ఏ ప్రోగ్రామర్‌కైనా ఇది చదివితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అదే గడిలో అదే అక్షరం, కానీ కాలాన్ని బట్టి వేరే నెల!

మట్టి తుడిచాక బయటపడిన చివరి నాలుగు: ఎం, 8, 0, సీ.

ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా పట్టి మళ్లీ చూశాను. పైనుంచి వెలుతురు వేస్తే మూడు ఎనిమిదిలా, సున్నా ఆరులా కనిపిస్తుంది, పక్కనుంచి వేస్తే చెక్కిన గాడి నీడ స్పష్టంగా పడుతుంది. సందేహం లేదు. 1980 మోడల్, తయారైంది 1979 అక్టోబర్‌లో. 1986 కాదు.

కోపం రాలేదు, భయం వేసింది. ఈయన అబద్ధం చెప్పాడా? అలాగైతే ఇంకేం దాచాడు? బావ మొహంలో అప్పటికే "పద, పోదాం" అనే మాట కనిపిస్తోంది.

"సర్, ఇది 1980 కదా?" అన్నాను.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు. "కాదబ్బాయ్, 86. నా కాగితాల్లో ఉంది" అని లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో రెండు టైటిల్ పత్రాలున్నాయి. టెక్సస్‌లో పడవలకి టైటిల్ ఇచ్చేది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ. పడవకి ఒకటి, వెనక తగిలించే మోటారుకి విడిగా ఇంకొకటి. ట్రెయిలర్ సంగతి చూసేది మళ్లీ వేరే శాఖ, కార్ల రిజిస్ట్రేషన్ చేసేవాళ్లు. అంటే ఒక్క బండి మీద మూడు వేర్వేరు ఆస్తులు కలిసి ప్రయాణం చేస్తాయన్నమాట.

ఆయన చూపించిన కాగితం మోటారుది. 1986. కింద ఉన్నది పడవది. 1980.

మోటారు దగ్గరికెళ్లి చూస్తే అదీ నిజమే. ఆరు హార్స్‌పవర్ జాన్సన్. ఈ కంపెనీ 1980 నుంచి చాలా ఏళ్లు తన మోటార్ల మోడల్ నంబరులో ఏడాదిని ఒక ఇంగ్లిష్ మాటలో దాచింది. ఇంట్రడ్యూసెస్ అనే మాట. పది అక్షరాలు: ఐ, ఎన్, టీ, ఆర్, ఓ, డీ, యూ, సీ, ఈ, ఎస్. మొదటిది 1, రెండోది 2, అలా తొమ్మిది దాకా, చివరిది సున్నా. ఈ మోటారు నంబరులో సీ, డీ ఉన్నాయి. సీ ఎనిమిదోది, డీ ఆరోది. 86. చిన్నప్పుడు క్లాసులో అమ్మాయిల పేర్లు రాసుకోడానికి మేం వాడిన కోడ్ కూడా ఇంతకంటే కష్టంగా ఉండేది.

పెద్దాయన మెట్ల మీద కూర్చుండిపోయారు. 1994లో కొన్నారట ఈ పడవని. అప్పటికే మోటారు దానికి ఉంది. ముప్పై ఏళ్లు అదే పడవ, అదే కాగితాల కవరు. ఎప్పుడూ 86 అనే చెప్పుకున్నారు, పిల్లలకి, స్నేహితులకి, తనకి తాను. ఎన్నోసార్లు రెన్యువల్ చేయించారు గానీ ఆ గడి మీద కన్ను పడలేదట. ఎవరో ఫొటోలో పెళ్లి తేదీ తప్పని చెప్పినట్టు అయ్యింది ఆయన మొహం. "మధ్యాహ్నం రెండింటికి ఇంకొకాయన వస్తున్నారు" అన్నారు కాసేపటికి. "ఆయనకీ చెప్పాలి."

బావ నా వైపు చూశాడు. సంతలో బేరగాడు పెట్టే ముఖం నాకు తెలుసు. ఇది అది కాదు.

వయసు తేలింది కాబట్టి ఆరోగ్యం చూడాలి. ఇక్కడ నేను అంతకు ముందు నెల చేసిన తప్పు చెప్పాలి. ఒక పడవని "ఉచితం, తీసుకెళ్లండి" అని ఎవరో పెడితే ఎగేసుకుని వెళ్లి, పైపైన చూసి, ఇంచుమించు తెచ్చేసుకోబోయాను. ట్రెయిలర్ ఇనుప దూలాన్ని బావ కాలితో తన్నితే బూటు ముందుభాగం లోపలికెళ్లింది. ఉచిత పడవ అంత ఖరీదైనది ఇంకోటి ఉండదని ఆ రోజు తెలిసింది. అందుకే ఈసారి ఒక ప్లాస్టిక్ సుత్తి, టార్చి, టిష్యూ కాగితాలు, టైర్ గేజీ వెంట తెచ్చుకున్నాను.

సుత్తి డెక్కు మీద కొట్టడానికి. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బలం కోసం ప్లైవుడ్ పెట్టి ఉంటారు. స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే ఆ చెక్క లోపలే కుళ్లుతుంది, పైకి ఏమీ తెలియదు. మన ఆడవాళ్లు కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తారే, సరిగ్గా అదే పని. గట్టిగా ఉన్నచోట టక్ మంటుంది. కుళ్లినచోట దబ్ మంటుంది. ముందు నుంచి వెనక్కి చేయెడు దూరానికోసారి కొట్టుకుంటూ వెళ్లాను. టక్, టక్, టక్. ఎడమవైపు రెయిలింగు కాలు పాతిన చోట దబ్. చుట్టూ కొడితే అరచేయంత మేర. మాస్టు కాలు ఆనే చోట మాత్రం గట్టిగా ఉంది. అక్కడ కుళ్లి ఉంటే నేనే "నమస్కారం సర్" అనేసి వచ్చేసేవాణ్ని. పడవ బరువైన పని అంతా ఆ ఒక్క చోటే పడుతుంది.

లోపలికి దిగి పరుపులెత్తి చూశాం. పెట్టెల గోడల మీద నీటి గీత ఉందేమో వెతకాలి. వరదలొచ్చినప్పుడు మన ఇళ్ల గోడల మీద ఉంటుందే, అలాంటి గీత ఉంటే ఈ పడవ ఎప్పుడో లోపలిదాకా నీళ్లు తాగిందని అర్థం. లేదు. ఎండిపోయిన కందిరీగ గూళ్లు రెండు, 2003 నాటి ఒక బ్యాటరీ రసీదు, అంతే.

అసలు గుండెకాయ కింద ఉంది. తెరచాప పడవ గాలికి తిరగబడకుండా ఆపేది కీల్, అంటే అడుగున దిగి ఉండే బరువైన రెక్క. ఈ రకం పడవలో అది స్వింగ్ కీల్. 550 పౌండ్ల పోత ఇనుము, అంటే దగ్గర దగ్గర 250 కిలోలు. ముందు చివర ఒక పిన్ను మీద వేలాడుతుంది. లోపల మెట్ల దగ్గరున్న వించి తిప్పితే వైరు తాడుతో పైకి లేస్తుంది. దింపితే పడవకి ఐదు అడుగుల లోతు కావాలి, ఎత్తితే రెండడుగులు చాలు. అందుకే ట్రెయిలర్ మీద కూర్చోగలుగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో అంత ప్రమాదం కూడా. ఆ వైరు తెగితే పావు టన్ను ఇనుము ఒక్కసారిగా ఊడి కిందికి కొట్టుకుంటుంది. ఆ దెబ్బకి అడుగు పగిలి మునిగే ప్రమాదం ఉంది. ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు కూడా కీల్ ఏ ఆధారం మీదా ఆనకుండా వైరుకి వేలాడుతుంటే దాని కింద తల, చేయి పెట్టకూడదు. ఇది మాత్రం ఎవరు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

పెద్దాయన చెక్క దిమ్మెలు తెచ్చి కీల్ కింద సర్దారు. అప్పుడు పక్కనుంచి చూశాను. వైరు చివర, కీల్‌కి తగిలించే చోట, ఎర్రటి తుప్పు కారి ఉంది. రెండు పోగులు తెగి బయటికి పొడుచుకొచ్చాయి. వైరు లోపలికి వెళ్లే చోట ఉండే రబ్బరు గొట్టం మీద నోరు ఎండినవాడి పెదవుల్లా పగుళ్లు. ఆ గొట్టం చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే. తర్వాత కీల్‌ని రెండు చేతులతో పక్కకి తోసి చూశాను. కదలకూడదు. కదిలింది. ఠంగ్ మని చప్పుడు కూడా చేసింది. పిన్ను అరిగిందని అర్థం. దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్లు కూడా అరిగి ఉండొచ్చు.

"ఇదెప్పుడు మార్చారు సర్?"

"మార్చాలా?"

మార్చాలి. ముప్పై ఏళ్లు మార్చకుండా నడిచిందంటే అది టెక్సోమా దయ.

మాస్టు పడుకోబెట్టి ఉంది. సుమారు 25 అడుగుల అల్యూమినియం గొట్టం. నిలబెట్టి చూద్దామా అన్నాను ఉత్సాహంగా. పెద్దాయన మాట్లాడకుండా చూపుడువేలు పైకి ఎత్తారు. నెత్తి మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి. నేను చూడనేలేదు. ట్రెయిలర్ పడవలవాళ్లకి ఇదొక పెద్ద గండం. చెరువు దగ్గర ర్యాంపు మీద మాస్టు ఎత్తి, అలాగే బండి కదిలించి తీగలకి తాకించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. సరే, పడుకున్నదాన్నే చూశాం. మాస్టుని పట్టి ఉంచే స్టీలు తీగల పొడవునా టిష్యూ కాగితం జారవిడుస్తూ పోవాలి. ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉన్నా కాగితం చిక్కుకుంటుంది. చేత్తో చూడకండి, ఆ పోగులు సూదుల్లా దిగుతాయి. నావికులు వాటిని మాంసం కొక్కేలు అంటారు ఊరికే కాదు. ఆరు తీగల్లో రెండుచోట్ల కాగితం చిరిగింది.

ట్రెయిలర్ టైర్లకీ పళ్లుంటాయి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వెనక వచ్చే వరుసలో చివరి నాలుగంకెలు చూడాలి. మొదటి రెండు ఏడాదిలో ఎన్నో వారం, తర్వాతి రెండు ఏ ఏడాది. 2000 నుంచి ఇదే లెక్క. ఎడమ టైరు మీద 2311. అంటే 2011లో 23వ వారం. కుడి టైరు 2411. పైన గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, ఎందుకంటే బండి కదిలింది ఏడాదికి నాలుగు సార్లు. కానీ రబ్బరు కూర్చున్నా ముసలిదవుతుంది. హైవే మీద 65 మైళ్ల వేగంలో వీటిని నమ్మితే అంతే సంగతులు.

అప్పటికి నా ఫోన్‌లో లెక్క ఇలా ఉంది. కీల్ వైరు, పిన్ను, గొట్టం, హ్యాంగర్లు, మాస్టు తీగలు, రెండు టైర్లు, బేరింగులు. అన్నీ కలిపి 1,300 డాలర్ల దాకా నేనే చేసుకుంటే. ఆరేళ్ల వయసు తేడా వేరే. 2,500 అడుగుదామని బావ చెవిలో చెప్పాను. "2,200తో మొదలుపెట్టు" అన్నాడు వాడు. కరెక్టే.

అప్పుడు తీశాను ఆ సంచి.

ముందు క్యాబిన్ మూలలో, లైఫ్ జాకెట్ల కింద ఉంది. పెద్ద తెరచాప అప్పటికే చూశాను. దాని మీద సెయిల్ నంబరు, హిన్ మధ్యలోని సీరియల్ ఒకటే. అంటే పడవతో పాటు పుట్టిన తెరచాప. నలభై ఏళ్లు దాటింది. బట్ట తాత పాత లుంగీలా మెత్తగా, చేతిలో జారిపోతోంది. మెత్తబడిన తెరచాప గాలిని సరిగ్గా పట్టదు, అది సున్నా కిందే లెక్క. ఈ సంచిలో ఉన్నది ముందు తెరచాప. లాగితే గంజి పెట్టిన పంచెలా గరగరలాడింది. మడతలు పదునుగా ఉన్నాయి. మూలన కుట్టిన లేబుల్ మీద తేదీ, 2019. ఒక్కసారి కూడా ఎత్తినట్టు లేదు. ఇలాంటిది కొత్తది కుట్టించాలంటే నేను చూసిన కొటేషన్లలో వెయ్యి డాలర్లకి అటూ ఇటూ ఉంది.

ప్రకటనలో దీని మాట లేదు. పెద్దాయనకి ఇది ఉందని గుర్తులేదు. నేను క్యాబిన్‌లో ఒంటరిగా ఉన్నాను. సంచి మూతి మళ్లీ కట్టేస్తే ఎవరికీ తెలియదు. ఆయన తనకి తెలియకుండా చేసిన తప్పుని పట్టి ఆరేళ్లు తగ్గించినవాణ్ని, ఆయనకి తెలియకుండా వస్తున్న లాభాన్ని మింగితే? నిజం చెప్తున్నా, ఒక నిమిషం పైనే కూర్చున్నాను ఆ సంచి పట్టుకుని. వెయ్యి డాలర్లు నాకు చిన్న విషయం కాదు. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో అమ్ముకోలేని వస్తువు కొనడమే తప్పని ఇంట్లోవాళ్ల గోల.

సంచి బయటికి తెచ్చి డెక్కు మీద పెట్టాను. "సర్, ఇది కొత్తది. దీని విలువ మీకు తెలుసా?"

ఆయన బట్టని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. కొడుకు పుట్టినరోజుకి పంపించాడట. అదే వేసవిలో మోకాలు ఆపరేషన్. ఆ తర్వాత మాస్టు ఎత్తలేకపోయారు, పడవ దిగనేలేదు. "వీడు దీని కోసం చాలా డబ్బు పెట్టాడు" అన్నారు. ఇంకేం అనలేదు.

బావ తెలుగులో నన్ను తిట్టిన తిట్లు ఈ పత్రికలో రాయలేను. ఆ కుక్కకి కూడా అర్థమయ్యాయనుకుంటా, తోక ఊపడం ఆపేసింది.

బేరం పావుగంటలో అయిపోయింది. నేను 2,500 అన్నాను. ఏదేది ఎందుకు మార్చాలో ఫోన్‌లో లెక్క చూపించాను. ఆయన వరసగా చదివారు, మాస్టు తీగల దగ్గర ఒక్కదానికి అభ్యంతరం చెప్పారు. దానిలో ఒకటి తను నాలుగేళ్ల క్రితమే కొని గ్యారేజీలో పెట్టారట. వెళ్లి తెచ్చారు, ఇంకా చుట్ట విప్పలేదు. చివరికి 2,900. ఆ తెరచాపతో, ఆ తీగతో. రెండింటికి రావాల్సిన మనిషికి ఆయనే ఫోన్ చేసి, ఏడాది తప్పు రాశానని కూడా చెప్పి, అమ్ముడైపోయిందన్నారు. ఆ రెండో మాట చాలు కదా, మొదటిది చెప్పాల్సిన పనేముంది? అయినా చెప్పారు.

కాగితాల మీద సంతకాలప్పుడు హిన్‌లోని పన్నెండు అక్షరాలూ ఆయన గట్టిగా చదివితే, నేను పడవ వెనక నిలబడి ఒక్కొక్కటే సరిచూశాను. టైటిల్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా రేపు అది నా మెడకి చుట్టుకుంటుంది. తర్వాత మోటారు టైటిల్. ఆ తర్వాత ట్రెయిలర్ కాగితం. మూడు సంతకాలు, మూడు ఆస్తులు.

ఆ రోజు మాత్రం పడవని లాగలేదు. బావ తయారుగానే ఉన్నాడు గానీ 2011 టైర్ల మీద నాకు ధైర్యం లేదు. వారం తర్వాత కొత్త టైర్లు, బేరింగులు, గ్రీజు డబ్బా తీసుకుని మళ్లీ వెళ్లాం. పెద్దాయన అప్పటికే చక్రాల నట్లకి నూనె వేసి వదులు చేసి ఉంచారు. పని అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. ఆయన మాకు గ్రిల్డ్ చీజ్ చేసి పెట్టారు, బావ పులిహోర డబ్బా విప్పాడు. ఆయన పులిహోర రెండోసారి పెట్టించుకున్నారు. మిరపకాయ మాత్రం పక్కన పెట్టేశారు.

తిరుగు ప్రయాణం 55 మైళ్లు దాటలేదు. ప్రతి పాతిక మైళ్లకీ ఆగి చక్రం మధ్యలో చేయి పెట్టి చూశాం, బేరింగు వేడెక్కిందేమో అని. గోరువెచ్చగా ఉంది, అంతే. మెలిస్సాలో బక్కీస్ దగ్గర ఆగితే ఒక చిన్నపిల్ల వచ్చి పడవ పేరేంటని అడిగింది. దానికి పేరు లేదు. వెనక గోడ మీద పాత స్టిక్కర్ ఊడిపోయిన చోట అక్షరాల నీడ మాత్రం ఉంది, చదవడానికి రావట్లేదు.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. అటూ ఇటూ తిప్పమన్నాడు. చక్రాలు చూపించమన్నాడు. "ఎంతకి?" అన్నాడు. చెప్పాను. "ఏ ఏడాదిది?" అన్నాడు. 1979 అక్టోబర్ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నాకన్నా ఆరేళ్లు చిన్నది" అన్నాడు. "దానికి మోకాళ్లెలా ఉన్నాయి?"

మోకాలే బాలేదు. కీల్ పిన్ను, వైరు, గొట్టం కలిపి ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తాయని మెసేజ్ వచ్చింది. దిమ్మెలు పెద్దాయన అరువిచ్చారు. బావ ఈ ఆదివారం ఖాళీనే అంటున్నాడు, బ్రిస్కెట్ మళ్లీ నాదేనట.